బడికి పోనని మొండికేయు బిడ్డ

జూన్ నెలలో బడులు తెరచిన మొదటి పది దినములును మన వీధులలో ఉదయము ఎనిమిది గంటలకు పిల్లల ఏడుపులు వినబడుచుండును. ఒక యింట బతిమాలుట, ఒక యింట బెదరించుట, వేరొక యింట వీపుపై నాలుగు చరచి ఆటోలో కూర్చుండబెట్టుట జరుగుచుండును. వీనిలో పెక్కు ఏడుపులు రెండు మూడు వారములలో తమంతట తామే అణగిపోవును. తల్లి కొంగు విడిచి క్రొత్తచోట కూర్చుండుట పసివారికి కష్టమే గదా! ఆ ఏడుపును గూర్చి బెంగపడ నక్కరలేదు. ఆగిపోని ఏడుపును గూర్చియు, నిన్నటిదాక చక్కగా బడికి పోయివచ్చుచు ఒక సోమవారమున హఠాత్తుగా "నేను పోను" అని గుమ్మము పట్టుకొని నిలిచిన బిడ్డను గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

మావారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. అందుచే ఈ సంగతి నాకు రెండు వైపులనుండియు కనబడుచుండును. బడివైపున, హాజరుపట్టీలో వరుసగా పడిన గైరుహాజరులు, ఇంటివైపున, మా యరుగుమీద కూర్చుండి కన్నీటితో "ఏం చెయ్యమంటారు అక్కయ్యగారూ?" అని యడుగు తల్లులు. ఇట్టి బిడ్డను గూర్చి మన యిండ్లలో సామాన్యముగా రెండే తీర్పులు చెప్పుదురు: సోమరితనమని యొకటి, గారాబమని యొకటి. తీర్పు ఏదైనను శిక్ష బిడ్డకే.

నేను చూచినంతవరకు పెక్కుమంది పిల్లల విషయమున ఈ తీర్పులు రెండును తప్పే. బిడ్డ జంకుచున్నది చదువునకు గాదు, నోట చెప్పలేని ఏదో యొక భయమునకు. ఆ భయమేమో వెదకి తీసివేయుట తల్లి మొదటి పని. వెదకుచున్నంత కాలమును బడిదారి మూసికొనిపోకుండ కాపాడుట రెండవ పని. మొదటిదానిని విడిచి రెండవదానినే పట్టినచో అది క్రౌర్యమగును. రెండవదానిని విడిచి మొదటిదానినే పట్టినచో బిడ్డ యింటనే నిలిచిపోవును. కావున ఈ రెండు పనులును జోడెడ్లవలె కలిసి నడువవలెను.

బెత్తము చేయలేని పని

మన తాతల కాలపు వీధిబడిలో ఒక బాలుడు రాకున్నచో పంతులుగారు నలుగురు పెద్దపిల్లలను పంపెడివారు. వారు వానిని కాళ్లుచేతులు పట్టి మోసికొని వచ్చెడివారు. వచ్చిన పిమ్మట చింతబరికెయు, గోడకుర్చీయు, దూలమునుండి వ్రేలాడు త్రాటిని పట్టుకొని వ్రేలాడవలసిన కోదండమును వానికై కాచుకొనియుండెడివి. ఆ దినములు గడచినవి. 2009వ సంవత్సరమున చేయబడి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనసు నొప్పించి వేధించుటను 17వ విభాగమున నిషేధించినది. అయినను చట్టము బడి గుమ్మముకడనే నిలిచిపోవుచున్నది. ఇంటిలోని చీపురుపుల్లకును అట్లకాడకును ఆ చట్టము వర్తింపదని మనలో కొందరి నమ్మకము. భయముచే వెనుదీయు బిడ్డను మరియొక భయముతో ముందునకు త్రోయుట అగ్నిలో ఆజ్యము పోయుటయే.

బడి యనిన జంకువారందరును చదువునకు పనికిరానివారని యెంచరాదు. రవీంద్రనాథ ఠాకూరుగారు బాల్యమున పలు బడులలో చేరియు ఏ బడిలోను నిలువలేకపోయిరి. గోడల నడుమ కూర్చుండుట వారికి చెరసాలవలె తోచినది. ఆయనయే 1901లో శాంతినికేతనమున పాఠశాలను స్థాపించి, చెట్లనీడలలో పిల్లలను కూర్చుండబెట్టి చదువు చెప్పించిరి; 1913లో నోబెల్ బహుమానమును పొందిరి. అట్లని మన బిడ్డలను బడి మాన్పింపవలెనని నా భావము గాదు. ఠాకూరుగారి యింటిలో పండితులు వచ్చి పాఠములు చెప్పిరి. మన యిండ్లలో బడి మానిన బిడ్డకు ఆ పాఠములను చెప్పువారెవరు?

బడి ఎగవేయువారిలో రెండు తెగలున్నవని గుర్తెరుంగుట ముఖ్యము. ఇంటికి తెలియకుండ మామిడితోటకో, చెరువుగట్టునకో, నేటి దినములలో సెల్‌ఫోను ఆటలకో పోవు పిల్లవాడు ఒక తెగ. తల్లికి తెలిసియే, తల్లి కడనే, ఇల్లు కదలక యుండు బిడ్డ రెండవ తెగ. ఈ భేదమును 1932లో అమెరికా దేశమున బ్రాడ్విన్ అను వైద్యుడు స్పష్టముగా వివరించెను. అట్టి పిల్లలలో కొందరికి, తాము బడిలో నుండగా అమ్మకేదో కీడు మూడునను బెంగ లోలోపల నుండునని ఆయన గమనించెను. మొదటి తెగవానికి కావలసినది కట్టడి. రెండవ తెగవానికి కావలసినది ధైర్యము. ఒకరి మందు మరియొకరికి వేసినచో రోగము ముదురును.

కడుపునొప్పి అబద్ధము కాదు

"అమ్మా, కడుపులో నొప్పిగా ఉంది" అని ఎనిమిది గంటలకు మెలికలు తిరిగిన బిడ్డ, బడిగంట కొట్టిన పిమ్మట పది గంటలకు లేచి ఆడుకొనుట చూచి, "ఎంత దొంగవేషము!" అని మనము కోపగింతుము. అది వేషము గాదు. భయము కలిగినప్పుడు పెద్దలకే కడుపులో త్రిప్పుటయు, చేతులు చల్లబడుటయు అనుభవమే గదా! మెదడునకును ప్రేగులకును గల నరముల సంబంధము వలన దిగులు నిజమైన నొప్పిగనే పరిణమించును. భయకారణము తొలగగనే నొప్పియు తొలగును. బిడ్డకు నొప్పి నిజము. దాని వేరు మాత్రము వేరొక చోట నున్నది.

బడి యున్న దినముల ఉదయముననే వచ్చి, మధ్యాహ్నమునకు తగ్గి, ఆదివారమును పండుగలందును కనబడని నొప్పి సామాన్యముగా ఈ జాతిది. ఐనను మనమే వైద్యులమై తీర్పు చెప్పరాదు. నిద్రలోనుండి లేపు నొప్పి, జ్వరము, బరువు తగ్గుట, మలములో నెత్తురు, ఒంటికి పోవునప్పుడు మంట, మాటిమాటికి వాంతులు, ఇవి యున్నచో ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. మలబద్ధము కూడ పిల్లల కడుపునొప్పికి సామాన్య కారణమే. తెల్లవారి హడావుడిలో దొడ్డికి పోవుటకు తీరికలేని బిడ్డ బడిలో బాధపడుట చిత్రము గాదు. ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో 10వ తేదీని బడులలోను అంగన్‌వాడీలలోను ఇచ్చు నులిపురుగుల మాత్రను తప్పింపరాదు. శరీరమున రోగము లేదని తేలిన పిమ్మట మనసులోని ముల్లును వెదకుట సులభమగును.

ముల్లు ఎక్కడ నున్నది?

మాకు తెలిసిన ఒక యింట రెండవ తరగతి చదువు చిన్నది పది దినములు బడికి పోనన్నది. పంతులమ్మ మంచిది, చదువున చురుకు, స్నేహితురాండ్రు కలరు. కారణ మెవ్వరికిని తోచలేదు. తుదకొక రాత్రి అమ్మమ్మ కడ పడుకొని చెప్పినది: బడిలోని మరుగుదొడ్డి తలుపునకు గడియ ఊడిపోయినది. ఒకనాడు మగపిల్లలు తలుపు త్రోసి నవ్విరి. నాటినుండి ఆ పిల్ల ఉదయము మొదలు సాయంకాలము వరకు గ్రుక్కెడు నీరు త్రాగకుండ, ఒంటికి పోకుండ బిగపట్టుకొని కూర్చుండుచు, తుదకు బడియే వలదన్నది. తండ్రి పోయి ప్రధానోపాధ్యాయునితో మాటలాడి ఒక గడియ వేయించెను. మరునాటినుండి పిల్ల బడికి పోయినది. ఆ పది దినములును అందరును ఆ బిడ్డకు నీతులు చెప్పిరే గాని ఆ తలుపును చూచినవారు లేరు.

వేరొక పిల్లవాడు మూడవ తరగతిలో వెనుక వరుసకు మారినది మొదలు బడి యనిన ఏడ్చుచుండెను. నల్లబల్లమీది యక్షరములు వానికి కనబడక, తప్పులు వ్రాసి, నలుగురిలో మాటలు పడుచుండెను. కంటియద్దములు వచ్చిన పిమ్మట ఏడుపు మానెను. ఇంకొకనికి ఇంటిలోని కలతయే కారణము. తల్లి వారము దినములు ఆసుపత్రిలో నుండి వచ్చినది. తాను బడిలో నుండగా అమ్మ మరల వెళ్లిపోవునని వాని దిగులు. చెల్లెలో తమ్ముడో పుట్టిన యింటను, తల్లిదండ్రులు తగవులాడుకొను ఇంటను ఇట్టి దిగులు తరచుగా చూడవచ్చును.

తోటిపిల్లల యెగతాళి, ఆటోలో పెద్దపిల్లల దుడుకుతనము, అర్థము గాని లెక్కలు, ఇంట తెలుగే తప్ప వినని మూడేండ్ల బిడ్డ చుట్టును రోజంతయు ఇంగ్లీషే వినబడుట, ఇవి యన్నియు ముండ్లే. తెలివి యుండియు అక్షరములను తారుమారు చేయుచు, చదువుటకు మిక్కిలి యవస్థపడు పిల్లలు కలరు; వారికి ప్రత్యేకమగు బోధనాపద్ధతులున్నవి గాని తిట్లు పనికిరావు.

చెప్పుటకు నోరురాని కారణ మొకటి కలదు. ఒక మనిషి పేరు చెప్పగనే బిడ్డ వణకినను, స్నానము చేయించునప్పుడు ముట్టుకొననీయకున్నను, నిద్రలో ఉలికిపడుచున్నను, ఎవరైన చేయరాని పని చేసిరేమో యని తల్లి అనుమానింపవలెను. బిడ్డ చెప్పినదానిని నమ్మవలెను. "నీ తప్పు లేదు, చెప్పి మంచి పని చేసినావు" అనవలెను. పరువునకై దాచరాదు. ఇట్టి నేరములకై 2012లో పోక్సో చట్టము ఏర్పడినది. 1098 అను పిల్లల సహాయపు టెలిఫోను రాత్రింబగళ్లు పనిచేయుచుండును. అట్టి చోటికి ఆ బిడ్డను ఒక్క పూటయు తిరిగి పంపరాదు.

అడుగు విధము

భాగవతమున హిరణ్యకశిపుడు కుమారుని తొడమీద కూర్చుండబెట్టుకొని, గురువులకడ నేమి నేర్చితివని ప్రేమతోనే యడిగెను. అడుగుటలో లోపము లేదు. వచ్చిన ప్రత్యుత్తరమును వినుటకు ఓర్పు చాలక తొడమీదనుండి త్రోసివేసెను. మన యిండ్లలోను ఇదే జరుగుచున్నది. "ఎందుకు పోవు, చెప్పు!" అని యడిగి, బిడ్డ నోరు తెరవగనే "అదొక కారణమా!" అని కొట్టివేయుదుము. రెండవసారి ఆ బిడ్డ నోరు తెరవదు.

ఉదయపు తొందరలో అడుగరాదు, పదిమంది యెదుట అడుగరాదు. రాత్రి ప్రక్కన పడుకొన్నప్పుడో, ఆదివారమున తలకు నూనె రాయుచున్నప్పుడో అడుగవలెను. చిన్నపిల్లలకు "ఎందుకు" అను ప్రశ్నకు ప్రత్యుత్తర మిచ్చుట చేతగాదు. "ఎక్కడ, ఎప్పుడు, ఎవరు" అని యడిగినచో చెప్పగలరు. ఇంటి గుమ్మమునుండి బడి విడుచు గంట వరకు దినమంతయు కథవలె నడిపింపవలెను: ఆటోలో నీ ప్రక్కన నెవరు కూర్చుందురు? ప్రార్థన యైన పిమ్మట నేమి జరుగును? అన్నము ఎవరితో తిందువు? ఏ గంట ఎంతసేపటికి గాని కొట్టదు? కథ నడచుచు నడచుచు ఎచ్చట ఆగిపోవునో, ఎచ్చట బిడ్డ ప్రక్కకు తిరుగునో, అచ్చటనే ముల్లున్నది.

ఇంట నుంచిన దినము

కారణము తెలియువరకు కొన్నాళ్లు ఇంటనే యుండనిత్తమని తల్లికి తోచుట సహజము. బాధించుచున్న వారుండుట, రోగముండుట వంటి సందర్భములలో తప్ప ఇది మేలుచేయదు. "ఈ పూటకు ఉండుము" అనగనే బిడ్డ గుండె తేలికపడును. ఆ తేలికదనమే మరునాటి భయమునకు ఎరువగును. నడువని దారిలో గడ్డి మొలచినట్లు, పోని బడి దినదినమునకు దూరమగును; పాఠములు వెనుకబడును, స్నేహితులు వేరొక జతను కూర్చుకొందురు, "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?" అను ప్రశ్న క్రొత్త భయమై కూర్చుండును. 2020 మార్చిలో కరోనా వలన బడులు మూతపడి, నెలల తరబడి యింటనుండిన పిల్లలలో ఎందరు తిరిగి బడిగుమ్మము త్రొక్కుటకు వెనుదీసిరో మనమందరము చూచితిమి.

తప్పనిసరిగా ఇంట నుంచవలసివచ్చినచో, ఆ దినము పండుగ దినము కాకూడదు. టెలివిజను, సెల్‌ఫోను, ప్రత్యేకమగు పిండివంట వలదు. ఒంట్లో బాగులేని బిడ్డవలె పడుకొనవలెను, లేదా పుస్తకము ముందు కూర్చుండవలెను. మధ్యాహ్నమునకు నొప్పి తగ్గినచో రెండవపూటకైనను బడికి తీసికొనిపోవలెను. ఇది శిక్షగా గాక, దినచర్యగా శాంతముతో జరుగవలెను.

ఉదయపు గంట

ఉదయపు యుద్ధము ముందటి రాత్రియే మొదలగును. ఆరు మొదలు పండ్రెండేండ్ల లోపు పిల్లలకు తొమ్మిది నుండి పండ్రెండు గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. పదకొండింటి వరకు సెల్‌ఫోను చూచిన బిడ్డ ఆరింటికి లేచి నవ్వుచు బడికి పోవుట అసాధ్యము. రాత్రియే సంచి సర్ది, బట్టలు తీసి యుంచవలెను. తెల్లవారి అరగంట ముందు లేపవలెను. దొడ్డికి పోవుట, స్నానము, రెండు ఇడ్లీలో కొంచెము పెరుగన్నమో తినుట, జడ వేయుట, ప్రతిదినము ఒకే వరుసలో జరిగినచో వాదమునకు చోటుండదు.

"ఈ దినము పోయెదవా?" అని అడుగరాదు. పోవుటను గూర్చి యడుగక, "ఎఱ్ఱ రిబ్బనా, నీలపు రిబ్బనా?" అని యడుగవచ్చును. వీడ్కోలు చిన్నదిగా నుండవలెను. ఒక ముద్దు, ఒక మాట, వెనుదిరుగుట. గుమ్మముకడ పావుగంట సేపు కౌగిలించుకొని కంటనీరు పెట్టు తల్లిని చూచి, నిజముగనే ఏదో ప్రమాదమున్నదని బిడ్డ తలచును. చెప్పకుండ తప్పించుకొని పోవుట అంతకంటెను చెడ్డది. అట్లు మోసపోయిన బిడ్డ మరునాడు కొంగును రెండు చేతులతో పట్టుకొనును. "సాయంకాలము గంట కొట్టగనే వేపచెట్టు క్రింద నుందును" అని చెప్పవలెను. చెప్పినచో గంటకు ముందే అచ్చట నిలువవలెను. ఒక్కనాడు తప్పినను పదినాళ్ల నమ్మకము పోవును.

ఇంటిలోని మాట ఒక్కటిగా నుండవలెను. తల్లి బయలుదేరదీయుచుండగా అత్తగారు "పోనీలే తల్లీ, పసివాడు, ఈ పూటకు ఉండనీ" అన్నచో నిన్నటి శ్రమ యంతయు వ్యర్థము. అత్తగారిది ప్రేమయే. కనుక పిల్లల యెదుట గాక, ముందటి రాత్రి వారికడ కూర్చుండి సంగతి చెప్పి, ఆ ప్రేమకొక పని యప్పగింపవలెను: సాయంకాలము మనుమనికి ఎదురుపోయి, దారిపొడుగునను బడి కబుర్లు వినుట వారికంటె చక్కగా నెవరు చేయగలరు? తండ్రి కూడ కోపగించుకొనుటకు మాత్రమే గాక, చేయిపట్టి నడిపించుటకును రావలెను. విడిపోవుట తల్లికంటె తండ్రితో సులభమగు పిల్లలు పెక్కుమంది కలరు.

అన్నిటికంటె ముఖ్యముగా, ఉపాధ్యాయుని బూచిగా చేయరాదు. "అల్లరి చేస్తే మాష్టారితో చెబుతా" అను మాట మన యిండ్లలో దినమునకు పదిసార్లు వినబడును. సాయంకాలమంతయు మాష్టారిని రాక్షసునిగా వర్ణించి, తెల్లవారగనే ఆయనకడకు నవ్వుచు పొమ్మనుట ఏమి న్యాయము?

బడితో మాటలాడుట

పిల్లలందరి యెదుట, గంట కొట్టు వేళ ఉపాధ్యాయుని నిలదీయరాదు. బడి విడిచిన పిమ్మట పోయి, ఫిర్యాదుగా గాక, సాయము కోరునట్లు మాటలాడవలెను. ఉదయము గుమ్మముకడ బిడ్డ చేయి నందుకొనుటకు ఒకరు, ప్రక్కన కూర్చుండుటకు ఒక స్నేహశీలమగు పిల్ల, రాగానే చేయుటకు సుద్దముక్కలు పంచుటవంటి చిన్న పని, ఈ మూడును కోరవలెను. మావారు చెప్పుచుందురు: తనకై ఒక పని కాచుకొనియున్నదని తెలిసిన పిల్లవాడు తలుపు దాటుట మిగిలినవారికంటె సులభమని.

నెలల తరబడి మానిన బిడ్డను ఒక్కసారిగా పూర్తిదినము కూర్చుండబెట్టుట కష్టము. ఉపాధ్యాయునితో ముందే అనుకొని మెట్లుమెట్లుగా పోవలెను. ఒక సాయంకాలము ఖాళీబడిలో తిరిగివచ్చుట, తరువాత ఒక్క గంట, పిమ్మట మధ్యాహ్న భోజనము వరకు, తుదకు దినమంతయు. ఎక్కిన మెట్టునుండి మరల దిగరాదు.

ఇన్ని చేసినను రెండు మూడు వారములలో మార్పు లేకున్నను, బిడ్డ నిద్రాహారములు మానినను, "నేను చచ్చిపోతాను" వంటి మాట యన్నను, పిల్లల మనోవైద్యునికి చూపవలెను. ఇందులో సిగ్గుపడవలసినది లేదు. హైదరాబాదు ఎఱ్ఱగడ్డలోను విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలీమానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసినచో, ఖర్చు లేకుండ తెలుగులోనే సలహా లభించును.

ఆడపిల్లను గూర్చి ఒక మాట

మగపిల్లవాడు బడికి పోనన్నచో ఇల్లంతయు లేచును. తండ్రి సెలవు పెట్టును, మేనమామకు కబురు పోవును. ఆడపిల్ల పోనన్నచో కొన్ని యిండ్లలో కేకలే వినబడవు. "సరే, ఇంట నుండి తమ్ముని చూచుకో" అందురు. మూడు దినములలో చంటివాడు ఆ పిల్ల చంకకెక్కును, పది దినములలో చీపురు చేతికి వచ్చును, సంవత్సరము తిరిగిన పిమ్మట "దానికి చదువు అబ్బలేదు" అని బంధువులతో చెప్పుకొందురు. చదువు అబ్బకపోవుట గాదు. ఎవరును గడియ వేయని తలుపొకటి యెచ్చటనో ఉండవచ్చును. ఆరేండ్లనుండి పదునాలుగేండ్ల వరకు చదువు ప్రతి బిడ్డకును హక్కని చట్టము చెప్పుచున్నది. ఆ హక్కును బిడ్డ చేతి కందించవలసినది మనము. కనుక ఆడబిడ్డ బడికి పోనన్న దినమున, మగబిడ్డ విషయమున పడు తొందరకంటె ఒక పాలు ఎక్కువయే పడుదము. కారణము తెలియువరకు అడుగుదము, తెలిసిన పిమ్మట మన కాళ్లతో బడివరకు నడచి దానిని సరిచేయింతము.